ఐదు పంపుల తీగ

అరసవల్లి రోడ్డు, శ్రీకాకుళం
2017 జూన్ 22

చెల్లి షీబాకి,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. ఫోన్ చేద్దామంటే మీ కొండ కింద సిగ్నల్ ఉండదు. ఉన్న రోజున మనిద్దరం అరుచుకుంటాం. అందుకే కాగితం తీశాను. కాగితం మీదైతే నేను చెప్పేది నువ్వు అడ్డు రాకుండా చివరిదాకా వింటావు.

మొన్న మంగళవారం మీ బావ సైటు నుంచి వారం సెలవు మీద ఇంటికొచ్చారు. నెత్తళ్ళ చేపల్లో చింతచిగురు వేసి వండాను. తిన్నారు గానీ ఏం తిన్నారో ఆయనకి తెలియదు. కంచం ముందు కూర్చున్నప్పటి నుంచి చెయ్యి కడిగేదాకా నీ గురించే. "మీ సెల్లి ఐదు పంపుహౌసుల్నీ ఒక్క తీగ మీదకి తెచ్చీసినాది. కంట్రోల్ రూంలో కూకుంటే ఏటొడ్డు కాడి పంపు కూడా చేతిలో ఉన్నట్టే ఉన్నాది" అన్నారు. షాలిని, "నాన్నా, పిన్నికి మార్కులు ఎన్ని వేస్తావు?" అని నవ్వింది. నేను నవ్వలేదు.

పదహారేళ్ళ కాపురంలో నా గురించి ఆయన ఇన్ని మాటలు వరసగా మాట్లాడింది లేదు. గుడిలో క్వయర్ నడిపిస్తున్నాను. ఒంటరిగా నిలబడి పాడిన రోజున కూడా ఇంటికొచ్చి "కూరేటి?" అనే అడుగుతారు. అలాంటి మనిషికి తీగ మీద ఇంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ తీగ ఏమిటని అడిగితే "నీకు తెలీదులే" అన్నారు. నీకు తెలుసు, ఆయనకి తెలుసు. నాకొక్కదానికే తెలియకూడదా? నాకు అర్థమయ్యేలా రాయి.

ఇంకో సంగతి. ఆదివారం డ్యూటీ ఎప్పుడూ ఆయనకే ఎందుకు పడుతోంది? ఈస్టరు తర్వాత ఆయన గుడికి వచ్చింది లేదు. పాస్టరు గారు అడుగుతున్నారు, ఆడవాళ్ళు అడక్కుండా ఆయన కూర్చునే ఖాళీ చోటు వైపు చూస్తున్నారు. మీ చీఫ్ ఇంజనీరు గారితో నువ్వైనా ఒక మాట చెప్పు. నీ మాటకి అక్కడ విలువ ఉంది కదా.

మీ అక్క,
జ్ఞానసుందరి


సైట్ క్వార్టర్స్, శృంగవరపుకోట దగ్గర
జూన్ 28

అక్కా, వందనాలు.

నీ ఉత్తరంలో నెత్తళ్ళ దాకా నోరూరింది, ఆ తర్వాత ఊరడం మానేసింది. అయినా అడిగావు కాబట్టి చెబుతాను.

ఏటి దగ్గర నీళ్ళు తోడి, ఐదు పంపుహౌసులు దాటించి, కొండ మీది ట్యాంకుకి ఎక్కిస్తాం. అక్కడి నుంచి ఊళ్ళకి మంచినీళ్ళు పోతాయి. ఇదివరకు ఒక్కో పంపుకీ ఒక్కో వాల్వుకీ వేరే తీగ కంట్రోల్ రూం దాకా వచ్చేది. ఎలుక కొరికితే ఏది తెగిందో వెతకడానికే ఒక రోజు పోయేది. నేను అవన్నీ తీయించి ఒక్క తీగ వేయించాను. పంపులు, వాల్వులు, ట్యాంకు, ఆఫీసు కంప్యూటర్లు అన్నీ దాని మీదే మాట్లాడుకుంటాయి. ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి ఆగుతుంది. రెప్పపాటు కంటే తక్కువ సేపు. పై పంపు ఆగితే "నేనాగాను, నువ్వూ ఆగు" అని కింది పంపుకి కబురు పోవాలి. కబురు వేళకి అందకపోతే కింది పంపు నీళ్ళు తోస్తూనే ఉంటుంది, పైన వాటికి దారి ఉండదు, గొట్టం పగులుతుంది. నా ఉద్యోగమంతా ఆ కబురుని వేళకి చేర్చడమే. తీగలో చోటు బోలెడుంది, ఇంకో పది పంపులు పెట్టుకోవచ్చని బావ దగ్గర గొప్పలు కూడా చెప్పాను.

బావ పంపులూ గొట్టాలూ చూసే ఇంజనీరు. తీగ సరిగ్గా లేకపోతే ముందు నష్టపోయేది ఆయనే, అందుకే బాగుంటే మెచ్చుకుంటారు. ఇక్కడ మెచ్చుకునేది ఆయనొక్కరే. మిగతావాళ్ళు "ఆడపిల్ల ఏసిన తీగ" అంటారు. నాకు దొరికే ఆ నాలుగు మంచి మాటల మీద నువ్వు కన్నేయకు.

ఆదివారం సంగతి మాత్రం నాకు వింతగా ఉంది. ఆ డ్యూటీ ఎవరూ వేయలేదక్కా. ఈస్టరు తర్వాత బావే అడిగి మరీ వేయించుకున్నారు. ఆ రోజు మిగతావాళ్ళంతా ఇళ్ళకి పోతారు కాబట్టి అందరూ సంతోషించారు. నీకు చెప్పే ఉంటారనుకున్నాను.

షాలినికి నా ముద్దులు.

షీబా


శ్రీకాకుళం
జూలై 4

షీబా,

ఈసారి 'చెల్లి' అని మొదలుపెట్టలేదు, గమనించే ఉంటావు.

అడిగి వేయించుకున్నారా. ఇన్నాళ్ళూ నేను గుడి మెట్ల మీద నిలబడి, "పాపం, ఆయనకి ఆదివారమే డ్యూటీ వేస్తున్నారండీ" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకున్నాను. వాళ్ళు జాలిపడ్డారు. నేనూ ఆయన మీద జాలిపడి పచ్చడి సీసాలు కట్టి పంపాను.

ఆదివారం సైటులో మిగతావాళ్ళు ఉండరని నువ్వే రాశావు. నువ్వుంటావు. ఆయనుంటారు. మీ మధ్య మీ తీగ ఉంటుంది.

నేను చెడ్డగా ఏమీ అనుకోవడం లేదు. నువ్వు నా చెల్లివి, ఆయన ఎలాంటి మనిషో నాకు తెలుసు. అయినా కుళ్ళుగా ఉంది షీబా. కడుపులో పెట్టుకుంటే నిద్ర పట్టడం లేదు కాబట్టి రాసేస్తున్నాను. ఆయనకి నీతో మాట్లాడ్డానికి మాటలున్నాయి, నాతో లేవు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతవాక్యాల పోటీ పెడితే నువ్వు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసేదానివి. నాన్న నిన్ను భుజాన ఎక్కించుకుని ఇంటికి తెచ్చేవారు. నేను పాడితే, "బాగుంది గానీ ఇంకాస్త గట్టిగా పాడాలి" అనేవారు. నాకంటూ మిగిలింది ఒక గొంతు, ఒక మొగుడు. గొంతు నీకు అక్కర్లేదు.

ఇంకా రాస్తే రాయకూడనివి రాస్తాను.

జ్ఞానసుందరి


సైట్ క్వార్టర్స్
జూలై 11

అక్కకి,

నీ ఉత్తరం పంపుహౌసులో నిలబడి చదివాను. పంపు చప్పుడులో ఏడిస్తే పక్కవాళ్ళకి కూడా వినపడదు, అదొక్కటే సుఖం.

ఆదివారాలు నేను ఏటి ఒడ్డున మొదటి పంపుహౌసులో ఉంటాను. బావ కొండ కింద కంట్రోల్ రూంలో ఉంటారు. మధ్య దారి ఎంతంటే, జీపులో బయల్దేరితే నడుములు విరిగాక చేరతాం. ఆయన మొహం నేను చూసేది సోమవారమే. ఈ మాట నీకు సంజాయిషీగా రాయవలసి వచ్చినందుకు నాకు సిగ్గుగా ఉంది, నీకూ ఉండాలి.

గుడి మానుకుని అక్కడెందుకు కూర్చుంటానంటే, ఈ మధ్య ఆదివారం పొద్దుట మాత్రమే నా తీగ తిక్కతిక్కగా ఉంటోంది. పంపులకి కబుర్లు ఆలస్యంగా అందుతున్నాయి. మధ్యాహ్నానికి సర్దుకుంటోంది. ఆఫీసులు మూసేసిన రోజున తీగ ఇంకా ఖాళీగా ఉండాలి, అలాంటిది ఆ రోజే ఎందుకో అంతుపట్టడం లేదు. ఎవరికైనా చెబితే "ఆడపిల్ల ఏసిన తీగ" అనే మాట మళ్ళీ వస్తుందని చెప్పలేదు. బావకి కూడా చెప్పలేదు. ఆయన మెచ్చుకోలు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

కుళ్ళు నీకొక్కదానికే ఉందనుకోకు. మంగళవారం నువ్వు తలుపు తీస్తే ఒక మనిషి లోపలికి వస్తాడు. నా క్వార్టరు తలుపు నేనే తీసుకుని నేనే వేసుకుంటాను. నువ్వు ఆ నెత్తళ్ళు ఎవరికోసమో వండావు.

ఆదివారం ఎందుకని బావనే అడుగు. నన్ను అడక్కు.

షీబా


శ్రీకాకుళం
జూలై 20

షీబాకి,

అడిగాను. మంచం మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నారు. "ఆదివారం డ్యూటీ మీరే అడిగి వేయించుకున్నారట, ఎందుకు?" అన్నాను. తలెత్తలేదు. "ఊరికినే. ఆ రోజు పని తక్కువుంటాది" అన్నారు. విప్పిన లేసుని మళ్ళీ కట్టుకున్నారు. ఆయనకి అబద్ధమాడడం రాదు. బాగా ఆడడం వచ్చి ఉంటే నమ్మి ఊరుకునేదాన్ని.

నువ్వు ఏటి ఒడ్డున ఉంటావని రాశావు. నమ్ముతాను. నమ్మినా కుళ్ళు పోలేదు. ఆయన నా దగ్గర ఏదో దాస్తున్నారు, అది సైటులో ఉంది, సైటు నీది.

ఇక్కడి కబురు ఒకటే. మన పాల్ బాబాయి కొడుకు రాబర్ట్ ఈస్టరు నుంచి గుడిలో కెమెరా పెట్టి ఆరాధన మొత్తం ఇంటర్నెట్లో చూపిస్తున్నాడు. కెమెరా తిన్నగా క్వయర్ మీదకే. దుబాయ్‌లో ఉన్నవాళ్ళు కూడా చూసి, "ఈ మధ్య మీ గొంతు బాగా విచ్చుకుందండీ" అని కబురు చేస్తున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తున్నారు, చూడాల్సిన మనిషి తప్ప.

చింతచిగురు ఎండబెట్టింది కొంచెం పంపుతున్నాను. కోపం కోపమే, కూర కూరే.

మీ అక్క


సైట్ క్వార్టర్స్
జూలై 31

అక్కా,

నిన్న ఆరాధన వేళకి మూడో పంపు ఆగింది. ఆగమన్న కబురు రెండో పంపుకి వేళకి అందలేదు. రెండు పంపుహౌసుల మధ్య గొట్టం అతుకు దగ్గర పగిలింది. ఆ వాల్వు తిప్పే మా గంగరాజు అక్కడే ఉన్నాడు. నీళ్ళ తోపుకి ఎగిరి గట్టు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాళ్ళావిడ జగ్గమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏటైనాదమ్మా, నువ్వే కదా ఏసినావు ఆ తీగ" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

చీఫ్ ఇంజనీరు జగన్నాధం గారు వచ్చే వారానికల్లా కారణం రాసి ఇమ్మన్నారు. కారణం దొరక్కపోతే అది నా తీగ తప్పే, నన్ను పంపేస్తారు. నన్ను పంపేయడం ఒక ఎత్తు. గంగరాజు వాళ్ళ ఇంటికి ఏం చెప్పి పంపాలన్నది ఇంకో ఎత్తు. ఆదివారాలు తీగ తిక్కగా ఉందని తెలిసీ మెచ్చుకోలు పోతుందని నోరు మూసుకున్నాను. ఆ మాట ముందే చెప్పి ఉంటే నిన్న పంపులు చేత్తో నడిపేవాళ్ళం.

ఒకటి మాత్రం తెలుస్తోంది. ఆదివారమే జరుగుతోంది కాబట్టి ఇది మనిషి చేసిన పని. ఎవరో నా తీగ మీద ఏదో పెడుతున్నారు. ఈ ఆదివారం పంపులు ఆపేసి ఉంటాయి. తీగ ఒక్కటే పెట్టుకుని, దాని మీద ఏం పోతోందో కూర్చుని చూస్తాను.

ప్రార్థనలో నన్ను తలుచుకో. తలుచుకునేటప్పుడు కాస్త ప్రేమగా తలుచుకో.

షీబా


శ్రీకాకుళం
ఆగస్టు 3

చెల్లీ,

గంగరాజు గురించి ఆడవాళ్ళ కూటంలో ప్రార్థించాం. నీ గురించి ఇంట్లో నేనొక్కదాన్నే ప్రార్థించాను. ప్రేమగానే.

కానీ దాచను. మొన్న మంగళవారం మీ బావ వచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కలిపి వదిలేశారు. "షీబా ఉద్దోగం పోతాదేటో" అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో కూడా ఆయన కంట నీరు చూడలేదు. సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళిపోయారు, చీఫ్ గారితో నీ తరఫున మాట్లాడాలట. నీకు కష్టం వచ్చిందని నేను ఏడవాలి. ఏడ్చాను. అందులో సగం ఆయన నీకోసం ఏడ్చారని ఏడ్చాను. ఇంత నీచంగా ఉన్నాను ఈ వారం.

సరే, నా సంగతి వదిలేయ్. నీ తీగ మీద చెయ్యి పెట్టిందెవరో పట్టుకో. పట్టుకున్నాక మొహమాటపడకు. జాలిపడి ఎవరినీ దాచకు. మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకునేవాళ్ళని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను. మీ బావే అయినా సరే పేరు రాసి ఇవ్వు. నాకు మాటివ్వు. గంగరాజు కాలికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

మీ అక్క


సైట్ క్వార్టర్స్
ఆగస్టు 7

అక్కా,

దొరికారు. నువ్వు కూర్చుని చదువు.

నిన్న పొద్దుట తీగ మీద పంపుల కబుర్లు లేవు కాబట్టి మిగిలినవన్నీ స్పష్టంగా కనిపించాయి. ఆరాధన మొదలయ్యే వేళకి, ఏటొడ్డు చివర బయటి ఇంటర్నెట్ నుంచి పెద్ద ప్రవాహం ఒకటి తీగలోకి వచ్చింది. ఐదు పంపుహౌసులూ దాటుకుని కంట్రోల్ రూంలో ఒక కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. జీపు తీసుకుని వెళ్ళాను. బావ నాకు వీపు పెట్టి కూర్చున్నారు. చెవులకి హెడ్‌ఫోన్లు. తెర మీద నువ్వు. తెల్ల చీర కట్టుకుని, పుస్తకం మూసేసి పాడుతున్నావు.

పక్కగా వెళ్ళి నిలబడ్డాను. చాలాసేపు ఆయన నన్ను చూడలేదు. ఆఖరికి, "బావా, ఇది ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఈస్టరు కాడి నుంచీ" అన్నారు. "ఇక్కడ సెల్లులో రాదు కదే. తీగలో బోలెడు కాళీ ఉన్నాదని నువ్వే సెప్పినావు."

చెప్పాను, నిజమే. పాటా బొమ్మా కలిసి పెద్ద పెద్ద మూటలుగా వస్తాయి. ఆగమనే కబురు చీటీ ముక్కంత. మూటలు వరసగా పోతుంటే చీటీ వాటి వెనక నిలబడిపోతుంది. చోటుండడం వేరు, వేళకి దారి దొరకడం వేరు. చీటీకి ముందు దారి వదలమని తీగకి నేను నేర్పి ఉండాలి. ఆఫీసు కంప్యూటర్లని పంపుల తీగ నుంచి విడదీసి ఉండాలి. రెండూ చేయలేదు. అదే ఆయనకి చెప్పాను. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే గంగరాజు కాలు నేనే ఇరిసీసినానా?" అన్నారు.

గుడికే వెళ్ళి వినొచ్చు కదా అని అడిగాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. "నేను ఎదురుగా కూకుంటే మీ అక్క గొంతు తగ్గించేస్తాది. సూసినాను సేన్నాళ్ళు. ఈస్టరుకి నాకు జొరమొచ్చి ఇంటికాడ ఉండిపోనాను. ఆ రోజు రాబర్టు పెట్టింది ఫోన్లో సూస్తే, అది మీ అక్కేనా అనిపించింది. నేను లేకపోతేనే అలాగ పాడతాది. అందుకే డ్యూటీ ఏయించుకున్నాను. ఇంట్లో సెప్తే మళ్ళీ తగ్గించేస్తాది."

బుధవారం చీఫ్ గారికి కాగితం ఇవ్వాలి. నా తీగలో లోపం ఉందని మాత్రమే రాస్తే నా ఉద్యోగం పోతుంది. బావ పేరు మాత్రమే రాస్తే ఆయనది పోతుంది. రెండూ నిజాలే. ఎవరైనా సరే పేరివ్వమని నువ్వు మాట అడిగావు. ఇప్పుడు ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. పొద్దుటి బస్సుకి బావ చేతికే ఇచ్చి పంపిస్తాను. ఇందులో ఏముందో ఆయనకి తెలుసు.

షీబా


శ్రీకాకుళం
ఆగస్టు 8

షీబా,

ఉత్తరం ఇచ్చి ఆయన వాకిట్లోనే నిలబడిపోయారు. చదివాను. లోపలికి రమ్మన్నాను.

రెండూ రాయి. నీ తీగలో లోపమూ రాయి, ఆయన పేరూ రాయి. నేనడిగిన మాట నేను వెనక్కి తీసుకోను. ఆయన కూడా అదే అన్నారు. "షీబా ఒక్కతే మొయ్యకూడదు" అన్నారు. ఈసారి ఆ మాటకి నాకు మంట పుట్టలేదు. రేపు ఈ ఉత్తరం నీ చేతికిచ్చి, ఆయన కూడా నీతో చీఫ్ గారి గదిలోకి వస్తారు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. బడిలో నాకొచ్చే టీచరు జీతంతో ఇల్లు నడుస్తుంది, భయపడకు. నీది కూడా పోతే నా ఇంట్లో గది ఉంది, తలుపు తీసే మనిషి ఉంది.

వస్తూ వస్తూ దారిలో ఆయన గంగరాజుని చూసి, అంతా చెప్పేశారట. గంగరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడట. జగ్గమ్మ మాత్రం, "మీ ఇంటావిడ పాట కోసమా బాబూ, మా ఇంటాయన కాలిరిగింది?" అని అడిగిందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా గొంతు మీద నాకే కోపంగా ఉంది. రేపు మీరు చీఫ్ గారి దగ్గరికి వెళ్ళగానే నేను విజయనగరం వెళ్తాను. అతను లేచి నడిచేదాకా ఆసుపత్రిలో జగ్గమ్మకి తోడుగా మేం వంతులు వేసుకుంటాం. ఆమె వద్దంటే గేటు దగ్గర కూర్చుంటాం.

ఆయన చెప్పింది నిజం. ఆయన ఎదురుగా ఉంటే నేను గొంతు తగ్గిస్తాను. ఎందుకో ఆయనకి తెలియదు. పాడేటప్పుడు నేను ఆయన వైపే చూస్తాను. ఆయన ఎప్పుడూ తల దించుకుని నేల చూస్తూ ఉంటారు. పదహారేళ్ళూ అలాగే. విసుగనుకున్నాను. ఎప్పుడవుతుందా అని చూస్తున్నారనుకున్నాను. అలా అనుకోగానే గొంతు దానంతటదే దిగిపోయేది.

ఇందాక వంటింట్లో, "ఒక చరణం పాడనా?" అని అడిగాను. ఇప్పుడు వద్దన్నారు. మళ్ళీ నేల చూశారు.

అందుకే ఒకటి అడుగుతున్నాను, దాచకుండా రాయి. నాకు కుళ్ళు తగ్గిందని అనుకోకు, ఈ పూట ఇంకా ఎక్కువైంది. ఆ తెర మీద నేను పాడుతుంటే ఆయన తలెత్తి చూశారు. ఆ పక్కన నువ్వు నిలబడి ఉన్నావు, చాలాసేపు. ఆ మొహం నువ్వు చూశావు, నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా ఉందో రాయి.

అక్క